గేమ్స్ పీరియడ్‌లో నేర్పాల్సింది ఏమిటి?

ముందు ఒక చిన్న లెక్క. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగేంతగా ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే వారానికి 420 నిమిషాలు. ఒక బడిలో వ్యాయామ విద్యకు వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు ఇచ్చారనుకుందాం. మొత్తం 80. అందులో క్లాసు నుంచి గ్రౌండ్‌కు నడవడం, హాజరు, వరసలు కట్టడం, టీమ్‌లు పంచుకోవడం, వంతు కోసం నిలబడటం తీసేస్తే పిల్లలు నిజంగా కదిలేది సగంసేపు ఉంటే గొప్పే. 420కి 40. పదో వంతు కూడా లేదు.

ఈ లెక్క చూశాక రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ‘ఇంత తక్కువైతే ఆ పీరియడ్ ఉన్నా లేకున్నా ఒకటే, లెక్కల మాస్టారికి ఇచ్చేస్తే సిలబస్ అయినా పూర్తవుతుంది’ అన్నది మొదటిది. ‘దొరికిన ఆ కాసేపట్లోనే చెమటలు పట్టేదాకా పరిగెత్తించాలి’ అన్నది రెండోది. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు మాటలకూ మూలం ఒకటే: వ్యాయామ విద్యను మందు డోసులా చూడటం. చదవడం నేర్పే క్లాసులో పిల్లలు జీవితాంతం చదవాల్సిన పేజీలన్నీ చదివించాలని ఎవరూ అనుకోరు. అక్కడ చదవడం వస్తే, ఇంటికి వెళ్లాక తమంతట తామే పుస్తకం తెరుస్తారని ఆశ. గ్రౌండ్‌లో జరగాల్సిందీ అదే. ఆ 40 నిమిషాలు సరిగ్గా నడిచాయో లేదో మిగతా 380 నిమిషాల్లో తెలుస్తుంది.

ఇక్కడ మూడు మాటల్ని వేరుచేసి చూడాలి. ఆట పిల్లలది. మొదలుపెట్టేదీ ఆపేదీ మధ్యలో రూల్స్ మార్చేదీ వాళ్లే. క్రీడ పోటీది. అందులో ఎంపికలుంటాయి, వెనకబడినవాళ్లు పక్కకు తప్పుకుంటారు, అది దాని స్వభావం. వ్యాయామ విద్య పాఠం, పాఠంలో ఎవరినీ పక్కకు తప్పించడానికి వీల్లేదు. యునెస్కో 1978లో తెచ్చిన అంతర్జాతీయ చార్టర్ వ్యాయామ విద్యను, క్రీడను ప్రతి మనిషికీ ఉన్న ప్రాథమిక హక్కుగా చెప్పింది. 2015లో ఆ చార్టర్‌ను తిరగరాసినప్పుడు శారీరక శ్రమను కూడా పేరులో చేర్చారు. కాగితం మీద ఇంత బలంగా ఉన్న సబ్జెక్ట్, బడిలో మాత్రం ఒక బంతి పడేసి ‘ఆడుకోండి’ అనడంతో ముగిసిపోతుంటుంది. లెక్కల పుస్తకాలు పంచి ‘చేసుకోండి’ అని వెళ్లిపోయే టీచర్‌ను ఏ తల్లిదండ్రులూ ఒప్పుకోరు. గేమ్స్ పీరియడ్ దగ్గరికి వచ్చేసరికి అదే మామూలైపోతుంది. బంతి పడేస్తే ఆటవిడుపు దొరుకుతుంది, దానికీ విలువ ఉంది. అయితే అప్పటికే ఆడటం వచ్చినవాళ్లు ఆడతారు, రానివాళ్లు గోడకు ఆనుకుని నిలబడతారు.

‘ఆడటానికి నేర్పేదేముంది, పిల్లలకు అదే వస్తుంది కదా’ అనేవాళ్లు బంతి విసరడాన్ని ఒకసారి గమనించాలి. మూడేళ్ల పిల్ల విసిరేటప్పుడు కాళ్లు కదలవు, నడుము తిరగదు, మోచేతి నుంచి ముందు భాగం మాత్రమే ఊగుతుంది. కొంచెం పెద్దయ్యాక అడుగు ముందుకు వేస్తుంది గానీ విసిరే చేతి వైపు కాలే ముందుకు వస్తుంది. కుడిచేత్తో విసిరేటప్పుడు ఎడమకాలు ముందుకు పడాలి, ముందు నడుము తిరగాలి, దాని వెంట భుజం, ఆ వెనక మోచేయి, అందరికన్నా చివర మణికట్టు రావాలి. కొరడా ఝళిపించినట్టు ఒకదాని వేగం ఇంకోదానికి అందుతుంది. ఇది వయసుతో పాటు దానంతట అదే వచ్చేదైతే బంతిని విసరకుండా నెట్టే పెద్దవాళ్లు ఉండకూడదు. ఉన్నారు, చాలామందే ఉన్నారు. చిన్నప్పుడు వాళ్లకు ‘ఎడమకాలు ముందుకు వెయ్యి’ అని చెప్పినవాళ్లు లేరు, అంతే.

పరిగెత్తడం, దూకడం, ఒంటికాలి మీద గెంతడం, పట్టుకోవడం, తన్నడం, తూలిపోకుండా నిలబడటం, దొర్లడం. ఇవన్నీ కదలికల ఓనమాలు. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఇవి తేలిగ్గా పట్టుబడతాయి. తర్వాత నేర్చుకోలేరని కాదు, తర్వాత సిగ్గు అడ్డం వస్తుంది. ఆరేళ్ల పిల్లవాడిని ‘నువ్వు బాగా పరిగెత్తుతావా’ అని అడిగితే, పందెంలో చివర వచ్చినవాడు కూడా ‘ఓ’ అంటాడు. ఎనిమిది, తొమ్మిదేళ్లకు ఆ ధీమా కరిగిపోతుంది. తోటివాళ్లతో పోల్చుకోవడం మొదలవుతుంది. బంతి పట్టుకోవడం రానివాడికి తనకు రాదని తెలిసిపోతుంది, అది మిగతా అందరికీ తెలుసన్న సంగతి కూడా తెలుస్తుంది. దాంతో బంతి రాని చోట నిలబడటం నేర్చుకుంటాడు. బంతి రాదు కాబట్టి పట్టుకునే అవకాశం రాదు, అవకాశం లేదు కాబట్టి నేర్పు రాదు. నాలుగేళ్లు ఇలా గడిచాక ఆ పిల్లవాడికి ‘బద్ధకస్తుడు’ అన్న పేరు వస్తుంది. అసలు కథ మొదలైంది బంతి పట్టుకునేటప్పుడు చేతులు ఎలా పెట్టాలో తెలియకపోవడం దగ్గర.

ఇక ఆరోగ్యం సంగతి. గుండె, ఊపిరితిత్తులు బలపడతాయని, కండరాలు రక్తంలోని చక్కెరను బాగా వాడుకుంటాయని అందరికీ తెలిసిందే. కానీ అవి నెలలు, ఏళ్ల తరబడి చేస్తూ ఉంటేనే దక్కే లాభాలు. ఆపేస్తే పోతాయి. పిల్లల విషయంలో అంతకన్నా ఎక్కువ చెప్పుకోవాల్సింది ఎముకల గురించి.

కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో 1991లో మొదలుపెట్టి పిల్లల ఎముకలను ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. ఎముకలో ఖనిజం అతివేగంగా చేరే దశకు అటూ ఇటూ కలిపి రెండేళ్లలోనే, పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో సుమారు పావు వంతు చేరిపోతుందని అందులో తేలింది. అమ్మాయిల్లో ఈ దశ సుమారు పన్నెండున్నర ఏళ్లకు, అబ్బాయిల్లో 14 ఏళ్లకు వస్తుంది. ఎముక తన మీద పడే బరువును, అదురును బట్టి గట్టిపడుతుంది. టెన్నిస్ ఆడేవాళ్లలో రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా దృఢంగా ఉంటుంది. రజస్వల కాకముందే ఆట మొదలుపెట్టిన అమ్మాయిల్లో ఈ తేడా మరీ ఎక్కువ. యాభై, అరవై ఏళ్లు దాటాక ఎముకలు పలచబడటం మొదలైనప్పుడు, చిన్నప్పుడు దాచిన నిల్వ ఎంత ఉంటే అంత మేలు.

మొదట వేసిన లెక్కకు ఇక్కడ ఒక మినహాయింపు దొరుకుతుంది. ఎముక కణాలు అదురుకు త్వరగా స్పందిస్తాయి, త్వరగానే అలిసిపోతాయి కూడా. గంటసేపు ఒకే తీరులో పరిగెత్తడం కన్నా, కొన్ని పదుల గెంతులు గెంతి, విశ్రాంతి ఇచ్చి, మళ్లీ గెంతడం వాటికి ఎక్కువ పని చేస్తుంది. తాడాట, ఎత్తు మీంచి దూకడం, దిక్కు మార్చి పరిగెత్తడం ఇందుకు బాగుంటాయి. ఈత, సైకిల్ గుండెకు మంచివే గానీ శరీరపు బరువును నీళ్లూ సీటూ మోస్తాయి కాబట్టి ఎముకకు అంత పని ఉండదు. పది నిమిషాల గెంతుల పాఠానికి నేరుగా ఫలితం ఉండే చోటు ఇదే. వారంలో కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే పనులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ విడిగా చెప్పింది ఇందుకే.

కళ్ల సంగతి ఎవరూ ఊహించనిది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడి ఉన్న ప్రతిరోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయటి క్లాసు పెట్టి మూడేళ్లు చూశారు. ఆ క్లాసు ఉన్న బడుల్లో 30.4 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వస్తే, లేని బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. 2015లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఇందులో వ్యాయామం గొప్పతనం పెద్దగా లేదు, పనిచేసింది పగటి వెలుగు. కంటి లోపలి రెటీనాలో వెలుగుకు డోపమైన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు సాగిపోకుండా ఆపుతుందని శాస్త్రవేత్తల భావన. గ్రౌండ్‌ను ఎత్తేసి హాల్లో వ్యాయామం చేయిస్తే ఈ లాభం రాదు.

బరువు విషయంలో మాత్రం నిజం చెప్పుకోవాలి. వ్యాయామ విద్యకు మద్దతుగా మాట్లాడేవాళ్లు ముందుగా ఎత్తుకునే మాట ఊబకాయం. కానీ బడుల్లో జరిపిన వ్యాయామ కార్యక్రమాల మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసినవాళ్లకు, వాటి వల్ల పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆశ్చర్యం ఏమీ లేదు. వారానికి 40 నిమిషాల కదలిక ఖర్చు చేసే కేలరీలు ఎన్ని? తిండి, నిద్ర, స్క్రీన్ ముందు గడిపే సమయం, ఇంటి అలవాట్లు అన్నీ కలిసి తేల్చే విషయాన్ని ఒక పీరియడ్ మీద మోపి, తర్వాత అది ఓడిపోయిందనడం అన్యాయం. పైగా బరువు తగ్గించడమే లక్ష్యమైతే క్లాసులో అందరి ముందూ పిల్లల్ని తూచడం మొదలవుతుంది. లావుగా ఉన్న పిల్లలు గ్రౌండ్ అంటేనే పారిపోవడానికి అంతకు మించిన దారి లేదు. వాళ్ల బరువు మారకపోయినా గుండె, ఎముకలు, నిద్ర, మనసు బాగుపడతాయి. ఆ మాట వాళ్లకు చెప్పేవాళ్లే తక్కువ.

మనసు మీద ప్రభావం రెండు వైపులా ఉంటుంది, దీన్ని కాస్త వివరంగా చూడాలి. ఒళ్లు కదిలితే మూడ్ తేలికపడుతుంది, నిద్ర బాగా పడుతుంది, దిగులు, టెన్షన్ కొంత తగ్గుతాయి. పరీక్షలకు భయపడే పిల్లలకు, గుండె దడదడలాడటం, ఊపిరి ఆడకపోవడం ప్రమాదమేమీ కాదని, కాసేపటికి దానంతట అదే సర్దుకుంటుందని పరుగు తర్వాత శరీరమే చూపిస్తుంది. టీమ్‌లో ఆడినప్పుడు పాస్ ఇవ్వడం, ఓడినవాళ్లతో చేయి కలపడం, తప్పు తనదైతే ఒప్పుకోవడం వస్తాయంటారు. రావచ్చు. కానీ ఆట దానంతట అది మంచి బుద్ధి నేర్పదు. మోసం చేయడం, బలహీనుణ్ణి వెక్కిరించడం, గెలిచినవాడి పక్కన చేరడం కూడా గ్రౌండ్‌లోనే నేర్చుకోవచ్చు. ఏది నేర్చుకుంటారన్నది అక్కడ పెద్దవాళ్లు ఏం చూసి ఊరుకుంటారు, ఎక్కడ ఆపుతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి ఒక్కొక్కరినీ పిలిపించుకోవడం తీసుకోండి. టీమ్‌లు పంచడానికి రెండు నిమిషాలు పట్టే పని. మొదటి నలుగురికి అది ఆనందం. చివర మిగిలిన ఇద్దరికి, తమ విలువ ఎంతో ముప్ఫై మంది సాక్షిగా వారానికి రెండుసార్లు చాటింపు వేసినట్టు. ‘వీణ్ణి మీరే తీసుకోండి’ అన్న మాట నలభై ఏళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది, ఆ రోజు స్కోరెంతో ఎవరికీ గుర్తుండదు. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్కపెట్టించి పంచితే సరిపోయేదానికి ఇంత మూల్యం. తప్పుచేసినవాళ్లను గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టించడం కూడా ఈ కోవలోదే. ఇంపోజిషన్‌గా పద్యాలు రాయించి, పద్యమంటే ఇష్టం కలగలేదేమని ఆశ్చర్యపోయినట్టు ఉంటుంది. పరుగును శిక్షగా వాడిన బడి, పెద్దయ్యాక పిల్లలు పొద్దున్నే లేచి పరిగెత్తాలని ఆశించకూడదు. ఔట్ అయినవాళ్లు పక్కన కూర్చోవాల్సిన ఆటలదీ ఇదే లోపం. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాళ్లే ముందుగా ఔటవుతారు, మిగతా సమయమంతా చూస్తూ కూర్చుంటారు.

‘ఇదంతా సరే, చదువు దెబ్బతినదా?’ అన్న ప్రశ్నకు ఒక పాత ప్రయోగం జవాబు చెబుతుంది. 1970లలో కెనడాలోని క్విబెక్ రాష్ట్రం ట్రువా-రివియేర్ ప్రాంతంలో 546 మంది ప్రాథమిక పాఠశాల పిల్లల మీద అది జరిగింది. ప్రయోగంలో ఉన్నవాళ్లకు వారానికి ఐదు గంటలు వ్యాయామ విద్య ఇచ్చారు, అందుకోసం మిగతా సబ్జెక్టుల సమయాన్ని 13, 14 శాతం తగ్గించారు. వాళ్ల మార్కులు మామూలు క్లాసుల పిల్లల కన్నా తగ్గలేదు, కొన్నిటిలో ఎక్కువే వచ్చాయి. దీన్ని పట్టుకుని ‘ఆడితే ర్యాంకులొస్తాయి’ అని ప్రచారం చేయడం అతిశయోక్తి. చదువు నుంచి కాస్త సమయం తీసి గ్రౌండ్‌కు ఇస్తే నష్టం లేదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. అసలు ఈ సబ్జెక్ట్ తన ఉనికి కోసం లెక్కల మార్కులను సాక్ష్యానికి పిలవాల్సి రావడమే కాస్త విచిత్రం. లెక్కల వల్ల పిల్లల గుండె బాగుపడుతుందా అని ఎవరూ అడగరు.

కొలతల పిచ్చి మరో అధ్యాయం. 1950లలో అమెరికాలో హాన్స్ క్రౌస్, సోన్యా వెబర్ రూపొందించిన చిన్న కండర పరీక్షలో అమెరికా పిల్లల్లో సగానికి పైగా తప్పారు, యూరప్ పిల్లల్లో పదో వంతు లోపే తప్పారు. దేశమంతా కంగారు పుట్టి 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ యువజన ఫిట్‌నెస్ మండలిని పెట్టారు. దాని నుంచి పుట్టిన పరీక్షలో తర్వాతి తరాలు మైలు పరుగు, పుల్-అప్స్ అందరి ముందూ చేయాల్సి వచ్చింది. బడి అనగానే ఆ రోజే గుర్తొచ్చి ఒళ్లు ముడుచుకునే అమెరికన్లు ఎందరో. 2012–13 తర్వాత దాన్ని పక్కనపెట్టి, ఇతరులతో పోల్చకుండా ఆరోగ్యానికి సరిపడా ఉందా లేదా అని మాత్రమే చూసే పద్ధతి తెచ్చారు. 2025లో పాతదాన్నే తిరిగి తెస్తామంటూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. శరీరాన్ని కొలవడం, శరీరానికి నేర్పడం వేర్వేరు పనులన్న సంగతి ఎంత తేలిగ్గా మరుపున పడుతుందో ఈ వెనకడుగు చూస్తే తెలుస్తుంది.

పోల్చడంలో ఇంకో చిక్కుంది. 13 ఏళ్ల పిల్లలున్న ఒకే క్లాసులో ఎదుగుదల పరంగా రెండు మూడేళ్ల తేడా మామూలు. గడ్డం మొలుస్తున్నవాడూ, ఇంకా చిన్నపిల్లాడిలా ఉన్నవాడూ పక్కపక్కనే పరిగెత్తుతారు. స్టాప్‌వాచ్ ఎవరు ముందు ఎదిగారో చెబుతుంది, ఎవరు ఎంత కష్టపడ్డారో చెప్పదు. ఒకే టైమ్‌కు అందరినీ అందుకోమనడం కన్నా, పోయిన నెల తన టైమ్‌తో ఈ నెల టైమ్‌ను పోల్చుకోమంటే వెనకున్నవాళ్లకు కూడా పరిగెత్తడానికి ఒక కారణం దొరుకుతుంది.

అమ్మాయిల విషయం వేరుగా చెప్పుకోవాలి. 146 దేశాల సమాచారంతో 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మంది తగినంతగా కదలడం లేదు. అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం. 2001 నుంచి 2016 దాకా అబ్బాయిల పరిస్థితి కొద్దిగా మెరుగుపడితే అమ్మాయిల అంకె దాదాపు కదల్లేదు. కారణాలు వెతకడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. ఒంటికి అతుక్కునే యూనిఫాం, బట్టలు మార్చుకోవడానికి తలుపు సరిగా పడని గది, నెలసరి రోజుల్లో నోరు తెరిచి చెప్పలేని ఇబ్బంది, పరిగెత్తుతుంటే గట్టు మీద కూర్చుని చూసే అబ్బాయిలు. ఎముకలు అతివేగంగా గట్టిపడే 12 ఏళ్ల వయసులోనే అమ్మాయిలు గ్రౌండ్ వదిలేస్తున్నారు. వదులు ప్యాంటు వేసుకోనివ్వడం, గదికి గడియ పెట్టించడం, ఏ ఆట ఆడాలో వాళ్లనే అడగడం లాంటివి ఖర్చు లేని పనులు. వైకల్యం ఉన్న పిల్లలకు మాత్రం చాలాసార్లు ‘మినహాయింపు’ అనే చీటీ ఇచ్చి స్కోరు రాయమని కూర్చోబెడతారు. దయగా కనిపించే ఆ చీటీ వల్ల, కదలిక అందరికన్నా ఎక్కువ అవసరమైన శరీరానికే అది అందకుండా పోతుంది. మెత్తటి బంతి, దగ్గర గీత, మారిన రూల్ ఉంటే వాళ్లలో చాలామంది ఆడగలరు.

మంచి క్లాసును గుర్తుపట్టడానికి నిపుణులే కావాల్సిన పని లేదు. గ్రౌండ్ పక్కన నిలబడి, బాగా ఆడేవాళ్ల మీంచి కళ్లు తిప్పుకుని, అందరికన్నా వెనక నిలబడ్డ పిల్లను పది నిమిషాలు చూడాలి. ఇరవై రెండు మందికి ఒక్క బంతి ఇచ్చిన చోట ఆ పది నిమిషాల్లో బంతి ఆమె కాలికి ఒక్కసారి కూడా తగలకపోవచ్చు. నలుగురికో బంతి చొప్పున ఇచ్చి, చిన్న చిన్న గళ్లు గీసిన చోట ముప్ఫైసార్లు తగులుతుంది. ముప్ఫైలో ఇరవై తప్పుతాయి. మిగతా పదిలో ఏదో ఒకదానికి, బంతి అనుకున్నచోటికి వెళ్లగానే ఎవరైనా చూశారా అని ఆమె చుట్టూ చూస్తుంది. అప్పుడు టీచర్ కళ్లు ఎటు ఉన్నాయన్నది కూడా చూడాలి.